తడిసిన పద్దు

సమార్ దీవిలో మా బ్యాంకుకి ఇప్పుడు కప్పు లేదు.
నీలం టార్పాలిన్ కింద ఒక మడత బల్ల,
బల్ల వెనక నేను,
బల్ల ముందు, కూలిన కొబ్బరిచెట్లను దాటుకుంటూ, క్యూ.
జనరేటరు దగ్గుతున్నంతసేపే కంప్యూటరు.
మనిషికి రెండు వేల పెసోలు,
అంతకు మించి ఇవ్వొద్దని మనీలా నుంచి మాట.
ఎవరి డబ్బు వాళ్ళకి ఇవ్వడానికి
ఇన్నిసార్లు క్షమించమని అడగాలని
శిక్షణలో ఎవరూ చెప్పలేదు.

పాసుపుస్తకాలు తెస్తారు,
ఉప్పునీళ్ళలో నాని, ఎండుచేపల్లా బిర్రబిగిసినవి.
పేజీ తిప్పితే అంకెలు వేలికి అంటుకొస్తాయి.
క్రిస్పులో తనది బియ్యం డబ్బాలో పెట్టి తెచ్చాడు.
డబ్బా దొరికింది, బియ్యం దొరకలేదు.
కుడిచెయ్యి విరిగి మెడకి వేలాడుతోంది,
ఎడమచేత్తో సంతకం గీశాడు.
పాతదానితో పోల్చి చూడటం నా ఉద్యోగం.
పాతది తెరచాప ఎత్తిన పడవ,
ఇది ఒడ్డుకి కొట్టుకొచ్చిన చెక్క.
'సరిపోయింది' అని రాశాను.

"మూడు నెలలు వాయిదా కట్టక్కర్లేదు" అంటాను.
మొహాలు విప్పారతాయి.
తర్వాతి మాటకి నా గొంతు దానంతటదే తగ్గుతుంది:
ఆగేది వాయిదా.
వడ్డీ ఆగదు.
పడవ మునిగింది, పడవ మీది అప్పు తేలింది.
ఊళ్ళో ఇంకా నిలబడి ఉన్నవేమిటంటే
చర్చి తూర్పు గోడ,
నెలకి ఒకటిన్నర శాతం.

బెనిల్దా మూడోసారి వచ్చింది.
ఖాతా నార్సిసో పేరు మీద ఉంది.
ఆయన రావాలమ్మా అన్నాను మొదటిసారి.
"నేనూ ఆయన కోసమే చూస్తున్నా" అంది.
మరణపత్రం తెమ్మన్నాను రెండోసారి.
తిట్టలేదు.
"శవం దొరికినవాళ్ళకే ఇస్తారట" అంది,
రేషను గురించి చెబుతున్నట్టు.
ఈసారి ఫారంలో 'వివాహిత / వితంతు' గడిని
పెన్సిలుతో పూరించాను, చెరిపాను, మళ్ళీ పూరించాను.
కాగితానికి చిల్లి పడింది.
ఆమె ఆ చిల్లిలోంచి బల్ల కేసి చూస్తూ కూర్చుంది.

తియోడులా డబ్బుకి రాలేదు.
ఒక ఖాళీ నోటుపుస్తకం అడిగింది.
మూలమీది చిన్న కొట్టు ఆమెది,
ఊరందరి అరువూ రాసుకున్న పద్దు నీళ్ళపాలైంది.
ఊరికే అనే మాట కాదు.
మంచం కింద ఉన్న పుస్తకాన్ని, మంచంతో సహా
సముద్రం చదువుకోవడానికి తీసుకుపోయింది.

పాత లెడ్జరులోంచి నాలుగు తెల్ల కాగితాలు చింపిచ్చాను
(ఇది నేరం, నాకు తెలుసు).
బోర్లించిన సారా పెట్టె మీద కూర్చుంది.
రెండు వేలు తీసుకున్నవాళ్ళు తిన్నగా పోకుండా
ఆమె దగ్గర ఆగడం మొదలుపెట్టారు.
ఎవరూ పిలవలేదు.
"నాది నూట ఎనభై. సార్డీన్లు, సబ్బులు."
"నాది అరవై. ఆగు, కిరోసిన్ మరిచా. డెబ్బై రెండు."
ఒకామె వేళ్ళు మడిచి లెక్కపెట్టి, సిగ్గుపడి,
ఒక షాంపూ పొట్లం ఎక్కువే చెప్పింది.

తొమ్మిదేళ్ళుంటాయేమో, ఒక కుర్రాడు.
ఒంటి మీద ఎవరో దానమిచ్చిన చొక్కా, మోకాళ్ళ దాకా.
"మా నాన్న సిగరెట్లు ఎన్ని కాల్చాడో నాకు తెలీదు,
ఎన్నైతే అంత రాసుకోండి."
తియోడులా కలానికి మూత పెట్టింది.
"మీ నాన్న ఎప్పుడూ రొక్కమే ఇచ్చేవాడు" అంది.
క్యూ మొత్తం నేల చూపులు చూసింది.
వెనకెవరో దగ్గారు.

సాయంత్రం నగదులో ఇరవై తక్కువొచ్చింది.
తడి నోట్లు జంటగా అంటుకుని
ఎవరి చేతికో రెండు వెళ్ళుంటాయి.
నా జీతంలో కోసుకుంటారు, కోసుకోనీ.
బల్ల మడిచి ఆమె దగ్గరికి వెళ్ళాను.
తుఫానుకి ముందు ఫోను లోడు చేయించుకున్న బాకీ.
"నాది యాభై" అన్నాను.

మూత తియ్యకుండానే,
కాగితం వంక చూడకుండానే,
"తొంభై అయిదు" అంది.